ఊరు మారినా శ్రుతి తప్పదు

సురభి నాటక సమాజం వాళ్ల ఆటకు వెళ్తే ఒక గంట ముందే వెళ్లాలి. వీలు చూసుకుని తెర వెనక ఓ మూల నిలబడాలి. అక్కడ ఒకాయన రేకుపెట్టె మీద కూర్చుని, లుంగీ పైకి ఎగగట్టుకుని, సన్నటి తీగకు వేసిన ముడి బిగిసిందో లేదో లాగి చూస్తుంటాడు. పెదవులు మెదులుతుంటాయి. తీగ మీద విసుక్కుంటున్నాడేమో అనుకుంటాం. దగ్గరికెళ్లి చెవి ఒగ్గితే అది పద్యం. రాగం తీయడం లేదు, గొంతు ఎత్తడం లేదు. మాట ఎక్కడ విరవాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో మాత్రం సరిచూసుకుంటున్నాడు. మరో గంటకు ఆయనే ముఖానికి రంగు వేసుకుని, కిరీటం పెట్టుకుని వేదిక మీద నిలబడతాడు. ఇందాక తాను ముడి వేసిన ఆ తీగ మీదుగానే ఆయన వైపు బాణం దూసుకొస్తుంది.

‘రోజూ ఎంతసేపు సాధన చేస్తారండీ?’ అని అలాంటివాళ్లను అడిగితే సూటిగా జవాబు రాదు. రోజులో ఏది పని, ఏది సాధన అని విడదీసి చెప్పడం వాళ్లకు కష్టం. తీగ బిగించడం పనా, సాధనా? నోట్లో పద్యం నడుస్తూనే ఉంది కదా! సురభి నేర్పు గురించి చెప్పుకోవాలంటే ఇక్కడే మొదలుపెట్టాలి.

మామూలు నటుడికి ఇల్లు వదిలి తిరగడం పెద్ద పరీక్ష. ఊరూరికీ నీళ్లు మారతాయి. బస్సులో నిద్ర చాలదు. తెల్లారేసరికి గొంతు బొంగురుపోతుంది. ఉద్యోగం కోసం ఊరు మారిన ఔత్సాహిక నటుల సంగతి మరీ కష్టం. నాటక పరిషత్తు పోటీల్లో బహుమతులు తెచ్చుకున్న బ్యాంకు ఉద్యోగికి ఎక్కడో భాష తెలియని ఊరికి బదిలీ అవుతుంది. అక్కడ రిహార్సలు వేద్దామంటే తోడు మనిషి దొరకడు. గదిలో అద్దం ముందు నిలబడి నాలుగు రోజులు చెప్పుకుంటాడు, ఐదో రోజు మానేస్తాడు. ఏడాది తిరిగాక సొంత ఊరొచ్చి వేదిక ఎక్కితే మాటలు గుర్తుంటాయి గానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు తన ముఖం ఏం చేస్తోందో తెలియదు. మాటలు తలలో దాగుతాయి. నటన దాగేది ఒంట్లో. ఒంటికి ఎదురుగా మరో మనిషి లేకపోతే అది మెల్లగా జారిపోతుంది.

తరతరాలుగా ఊరు మారడమే బతుకుగా గడిపిన సురభి వాళ్లు ఈ చిక్కును విప్పుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్లు దీని కోసం ఏ పద్ధతీ రాసి పెట్టుకోలేదు. బతుకుతెరువు కోసం ఒక్కో అవసరం తీర్చుకుంటూ పోయారు. ఆ తీర్చుకున్న విధానమే శిక్షణ అయింది.

బొమ్మల వెనక నుంచి

సురభి కడప జిల్లాలో ఒక చిన్న ఊరు. 1885లో వనారస కుటుంబం వాళ్లు అక్కడ ‘కీచక వధ’ నాటకం ఆడారు. అప్పటిదాకా వాళ్లది తోలుబొమ్మలాట. తరాల కిందట మరాఠా ప్రాంతం నుంచి వలస వచ్చి, తెలుగు ఊళ్లలో రామాయణ భారతాలు ఆడుతూ తిరిగిన కుటుంబాలవి. తెర వెనక బొమ్మను ఆడించినవాళ్లు ఆ రోజు తెర ముందుకొచ్చి తామే వేషాలు కట్టారు. వనారస గోవిందరావు ఆ ప్రయత్నాన్ని ఒక నాటక సమాజంగా నిలబెట్టారు. ఊరి పేరు సమాజానికి వచ్చింది. సమాజం పేరు మెల్లగా మనుషుల పేర్లకు ముందు చేరింది. ఇవాళ సురభి అంటే ఊరు గుర్తొచ్చేవాళ్లు తక్కువ, ఆట గుర్తొచ్చేవాళ్లే ఎక్కువ.

ఈ పుట్టుకలోనే వాళ్ల నేర్పుకు సంబంధించిన గుట్టు ఉంది. తోలుబొమ్మలాట ఆడేవాడికి పని ఒక్కటి కాదు. చేతుల్లో బొమ్మ కదులుతుండాలి. నోట పద్యమో మాటో సాగుతుండాలి. యుద్ధం వచ్చేసరికి కాలి కింది చెక్క టకటకలాడాలి. భీముడికి ఒక గొంతు, కీచకుడికి ఒక గొంతు, మధ్యలో నవ్వించే పాత్రకు మరో గొంతు ఇవ్వాలి. ఆడబొమ్మలకు ఇంటి ఆడవాళ్లే గొంతు ఇవ్వాలి. ఇదంతా రాత్రంతా సాగాలి. తెల్లారాక సరంజామా పెట్టెలో సర్ది పక్క ఊరికి నడవాలి.

అంత అలవాటు ఉన్నవాళ్లు వేదిక ఎక్కినప్పుడు రెండు విద్యలు వాళ్ల వెంట వచ్చాయి. చేతులతో పని చేస్తూ నోటితో పాడగలగడం ఒకటి. ఆడవేషాలు ఆడవాళ్లే వేయడం రెండోది. తెలుగు రంగస్థలం మీద మగవాళ్లే చీర కట్టిన కాలమది. స్థానం నరసింహారావు లాంటి మహానటులు సత్యభామగా వేదిక మీదికి వస్తే జనం కళ్లప్పగించి చూసేవాళ్లు. అలాంటి రోజుల్లో సురభిలో తల్లీకూతుళ్లు, అత్తాకోడళ్లు, వదినా మరదళ్లు కలిసి వేదిక మీదికి వచ్చారు. బొమ్మలాటలో గొంతు ఇచ్చిన ఆడవాళ్లు వేషం కూడా కట్టడం ఆ ఇళ్లలో పెద్ద వింత కాలేదు.

గోవిందరావు సంతానం, అల్లుళ్లు, మనవలు వేరుపడుతూ తలో సమాజం పెట్టుకున్నారు. ఒక దశలో అవి 30 దాటాయి. పిల్లనివ్వడం, తెచ్చుకోవడం కూడా ఎక్కువగా వాటి మధ్యే. ఒక సమాజంలో పుట్టి ఇంకో సమాజానికి కోడలిగా వెళ్లిన అమ్మాయి సారెతో పాటు పుట్టింటి ‘బాలనాగమ్మ’ను కూడా తీసుకెళ్లేది. అత్తవారింట అదే నాటకంలో పద్యం ఎత్తుగడ కొంచెం వేరు, నవ్వు పుట్టించే మాట కొంచెం వేరు. రెండూ తెలిసిన నటికి మూడోది తోస్తుంది. నాటక పాఠశాలల్లో ఒకే సన్నివేశాన్ని రెండు మూడు రకాలుగా చేయించి చూపిస్తారు. ఆ చదువు ఈ ఆడపిల్లలకు పెళ్లితో వచ్చింది.

క్యాంపు బతుకు

సురభి వాళ్లు ఊళ్లోకి దిగడమంటే ఇల్లు దిగడమే. వంటపాత్రలు, పిల్లల పుస్తకాలు, ముసలివాళ్ల మంచాలు ఒక పక్క. చుట్టలు చుట్టిన రంగుల తెరలు, రేకుపెట్టెల నిండా నగలు, కిరీటాలు, గదలు, హార్మోనియం, తబలా మరో పక్క. ఖాళీ స్థలం చూసుకుని గుంజలు పాతి, రేకులు బిగించి, పందిరి వేసి హాలు కట్టేవాళ్లు. దాని వెనకే గుడారాలు, గుడిసెలు. వేదికకూ వంటింటికీ మధ్య నాలుగడుగుల దూరం. వసూళ్లు బాగుంటే నెలల తరబడి అక్కడే ఉండేవాళ్లు. తగ్గితే విప్పి సర్దేవాళ్లు.

ఒకే ఊళ్లో నెలల తరబడి ఆడాలంటే ఒకే నాటకంతో కుదరదు. నిన్న చూసినవాడు ఇవాళ మళ్లీ రావాలంటే ఇవాళ ఇంకో ఆట ఉండాలి. అందుకని ‘మాయాబజార్’, ‘శ్రీకృష్ణ లీలలు’, ‘లవకుశ’, ‘భక్త ప్రహ్లాద’, ‘పాతాళభైరవి’, ‘బాలనాగమ్మ’, ‘వీరబ్రహ్మంగారి చరిత్ర’ ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ ఆడేవాళ్లు. ఇది టికెట్ల కోసం చేసిన ఏర్పాటు. కానీ నటుడి వైపు నుంచి చూడండి. ఒకే నాటకాన్ని నెల రోజులు వరసగా ఆడితే మాట మనసుకంటే ముందు పరుగెడుతుంది. కోపం రావాల్సిన చోటికి చేరకముందే కోపం వచ్చేస్తుంది. ఏడాదికోసారి ఆడితే మరుపు వస్తుంది. ఇవాళ ఆడిన ఆట రెండు మూడు వారాలకు తిరిగి వస్తుంటే పాతబడదు, మరుపుకూ రాదు. ఈ ఎడం ఎంత ఉండాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వసూళ్ల పెట్టె చెప్పింది.

ఇంకో సంగతి ఉంది. హాలు ప్రతి ఊళ్లోనూ కొత్తగా కట్టేవాళ్లు. ఎక్కడ గుంజ పాతాలో, తెర ఏ తాడుతో లేవాలో, దీపం ఎటు నుంచి పడాలో అన్నీ నటులే చూసుకునేవాళ్లు. వేదిక పొడుగెంతో, ఏ చెక్క కిర్రుమంటుందో, ఏ మూల నుంచి మాట్లాడితే వెనక వరసకు వినపడుతుందో వాళ్ల కాళ్లకూ చెవులకూ తెలిసేది. ఆట రోజు సాయంత్రం కారు దిగి వచ్చిన నటుడు ఈ విషయాలు తెలుసుకునేసరికి మొదటి అంకం అయిపోతుంది. తాను పాతిన గుంజ పక్కన నిలబడి పద్యం చదివేవాడికి కొత్త ఊరు కొత్తగా ఉండదు.

ఒక్క పాత్ర కాదు, ఆట మొత్తం

సురభి పిల్లలు నాటకం నేర్చుకోవడానికి కూర్చునేవాళ్లు కాదు. నాటకం మధ్యలో పెరిగేవాళ్లు. చంటిబిడ్డ వేదిక ఎక్కేది వసుదేవుడి తల మీది బుట్టలో బాలకృష్ణుడిగా. నడక వచ్చాక వెన్న దొంగిలించే కృష్ణుడు. మాట తిరిగాక ప్రహ్లాదుడు, లోహితాస్యుడు, కుశలవులు. గొంతు మారే వయసులో ద్వారపాలకులు, చెలికత్తెలు, వానరాలు. యవ్వనంలో అభిమన్యుడు, శశిరేఖ. ఒళ్లు నిండాక కృష్ణుడు, ఘటోత్కచుడు, హిరణ్యకశిపుడు. జుట్టు నెరిశాక వసుదేవుడు, వాల్మీకి. ఇలా ఒకే మనిషి పసితనం నుంచి ముసలితనం దాకా ఏడు మెట్లు ఎక్కేవాడు. హిరణ్యకశిపుడిగా కొడుకు మీద గద ఎత్తినప్పుడు ఎదురుగా ఉన్న ప్రహ్లాదుడికి ఏమనిపిస్తోందో ఆయనకు ఊహించుకోవాల్సిన పని ఉండేది కాదు. చిన్నప్పుడు తానూ అక్కడ నిలబడ్డవాడే.

వేదికకు పక్కన తెర చాటు ఉంటుంది చూడండి, సురభి వాళ్ల బడి అదే. వేషం లేని పిల్లలు అక్కడే కూర్చునేవాళ్లు, అక్కడే తినేవాళ్లు, అక్కడే నిద్రపోయేవాళ్లు. కళ్లు మూసుకున్నా చెవులు మూసుకునేవి కావు. రాత్రుళ్లు చెవిన పడ్డ పద్యం పగలు గోలీలాడుతూ నోట వచ్చేది. తప్పు చదివితే కూరగాయలు తరుగుతున్న అమ్మమ్మ అక్కడి నుంచే సరిచేసేది. కత్తిపీట మీద చెయ్యి ఆగేది కాదు.

ఈ పెంపకం వల్ల సురభి నటుడు తన పాత్రతో సరిపెట్టుకోడు, ఆట మొత్తాన్ని పట్టేస్తాడు. ఇది గొప్పకు చేసింది కాదు, అవసరం. క్యాంపులో ఒకరికి జ్వరం వస్తుంది. ఒకరికి నెలలు నిండుతాయి. ఒకరు పెళ్లికి వెళ్లి రాత్రికి తిరిగి రాలేకపోతారు. ఆట మాత్రం ఆగకూడదు, టికెట్లు అమ్ముడుపోయాయి. అప్పటికప్పుడు పక్క వేషంవాడు ఈ వేషం కట్టాలి. అలా ఎవరు ఎప్పుడు ఏ వేషం కట్టాల్సి వస్తుందో తెలియనప్పుడు ప్రతి రాత్రీ ప్రతివాడూ ప్రతి పాత్రనూ వింటూనే ఉంటాడు. ఆ వినడమే ఆ వేషాలన్నిటికీ రిహార్సల్.

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ తెర చాటు బడిలోనే పెరిగారు. తల్లి దమయంతి వేషంలో ఉండగా వేదిక మీదే నొప్పులు వచ్చి ఆమె పుట్టారని సురభి వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. సినిమా మైకు ముందుకు వెళ్లిన రోజుకు ఆమె గొంతు, చూపు, నడక అన్నీ తయారై ఉన్నాయి. వాటిని తయారుచేసింది ఏ స్టూడియో కాదు, ఊరూరా వేసిన ఆ రేకుల హాళ్లే.

బాణం ఎవరు వేశారు?

ఇక దగ్గరగా ఒక దృశ్యం చూద్దాం. ‘మాయాబజార్’లో అభిమన్యుడికీ ఘటోత్కచుడికీ యుద్ధం. ఇద్దరూ వేదికకు చెరో చివర విల్లు ఎక్కుపెట్టి నిలబడ్డారు. ఇటు నుంచి ఒక బాణం, అటు నుంచి ఒక బాణం. మధ్యలో గాలిలో ఢీకొన్నాయి. మెరుపు మెరిసింది, పొగ లేచింది. పిల్లలు కుర్చీల మీద నిలబడి చప్పట్లు కొట్టారు.

చూసేవాడికి అది యంత్రం పని. తెర వెనక నిలబడినవాడికి నలుగురి ఊపిరి. వేదిక మీదివాడు విల్లు లాగుతాడే గానీ బాణం వదలడు. సన్నటి తీగ మీద బాణాన్ని నడిపే మనిషి తెర చాటున ఉంటాడు. నారి వదిలిన చెయ్యి వెనక్కి పోవడం, బాణం కదలడం ఒక్క క్షణంలో జరగాలి. అర క్షణం ముందైతే జనం నవ్వుతారు. ఆలస్యమైతే విల్లు లాగినవాడు వెర్రివాడవుతాడు. ఇద్దరికీ గుర్తు తబలా మీద పడే దెబ్బ. ఆ దెబ్బ వేసేవాడు వేదిక మీదివాడి భుజాన్ని చూస్తూ వేస్తాడు. భుజం కదలిక ఎప్పుడు ముగుస్తుందో తెలియాలంటే తబలా వాయించేవాడు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఆ విల్లు పట్టి ఉండాలి.

ఇక్కడ మెచ్చుకోవాల్సింది తీగను కాదు. ఆ తీగను నడిపినవాడు వచ్చే రంగంలో కిరీటం పెట్టుకుని వేదిక మీదికి వస్తాడు. ఇప్పుడు విల్లు లాగినవాడు తెర చాటుకు వెళ్లి తాడు లాగుతాడు. మేఘాల మీద నారదుడు దిగుతాడు. చేతులకు తాడు ఒరిపిడి, నుదుటి మీద రంగు. ఇలా పనులు మారడం వల్ల ఎదుటివాడి కాలం ఒంటికి ఎక్కుతుంది. నటనలో కష్టమైన పని మాట్లాడటం కాదు, ఎదుటివాడి మాట కోసం సరైన చోట ఆగడం. ఆ ఆగడాన్ని సురభి వాళ్లకు తాడు నేర్పింది. తాడు దగ్గర తొందరపడితే నారదుడు కింద పడతాడు.

అదే నాటకంలో ఇంకో చోటు ఉంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి మగపెళ్లివారిని ముప్పుతిప్పలు పెడతాడు. మాయా శశిరేఖ వేసే నటి చీరలో ఉన్న రాక్షసుణ్ని చూపించాలి. ఎక్కువ చేస్తే వెకిలి అవుతుంది. తక్కువ చేస్తే అసలు శశిరేఖకూ ఈమెకూ తేడా తెలియదు. మంచి నటి ఏం చేస్తుందంటే ఘటోత్కచుడి వేషగాడి నడకలో ఒకే ఒక్క ముక్క తీసుకుంటుంది. అడుగు వేసే ముందు భుజం కొంచెం ముందుకు తోయడమో, నవ్వే ముందు గడ్డం పైకెత్తడమో. మిగతాదంతా శశిరేఖే. పెళ్లికొడుకు చెయ్యి పట్టుకోబోయినప్పుడు ఆ భుజం ఒక్కసారి కదులుతుంది. జనం గొల్లుమంటారు. ఆ ముక్క ఆమెకు ఎక్కడ దొరికింది? ఘటోత్కచుడు వేసేది ఆమె బావగారో చిన్నాన్నో. వేదిక మీదే కాదు, పొద్దున్నే బావి దగ్గర నీళ్లు తోడుకుంటున్నప్పుడు కూడా ఆ భుజాన్ని చూసిన మనిషి ఆమె.

గొంతు కాపురం

ఊరు తిరిగే నటుడికి మొదటి శత్రువు గొంతు దెబ్బతినడం. మైకులు లేని రోజుల్లో పద్యం వెనక వరసకు చేరాలంటే గొంతు ఒక్కటే దారి. మిరియాలు, శొంఠి, కలకండ పొట్లాలు ప్రతి వేషగాడి పెట్టెలోనూ ఉండేవి. కానీ గొంతును నిజంగా కాపాడేది మందు కాదు, పొదుపు. పద్యం మొదటి పాదంలోనే బలమంతా పెట్టేవాడు నాలుగో పాదానికి అరుస్తాడు. తెలిసినవాడు మొదటి మూడు పాదాల్లో మాటకు పని చెప్తాడు, చివర ఆలాపనకు గొంతుకు పని చెప్తాడు. కోపం వచ్చిన చోట శ్రుతి పెంచడు, మాట విరిచే చోటు మారుస్తాడు.

ఇక్కడ హార్మోనిస్టు గురించి చెప్పకపోతే పాపం. నటుడి గొంతు ఇవాళ ఎలా ఉందో అతనికంటే ముందు హార్మోనిస్టుకే తెలుస్తుంది. మొదటి రంగంలో మొదటి మాట వింటూనే ‘ఇవాళ అర శ్రుతి దించాలి’ అనుకుంటాడు. చెప్పడు, దించేస్తాడు. జనానికి తెలియదు. నటుడికి తెలుస్తుంది, కళ్లతోనే దండం పెడతాడు. ఏళ్ల తరబడి కలిసి తిరిగినవాళ్ల మధ్యే ఈ మర్యాద కుదురుతుంది.

ఒంటరిగా తిరిగినవాళ్లు

ఇంటిని వెంటబెట్టుకు తిరగడం అందరికీ కుదరదు. మన పద్యనాటక నటుల్లో చాలామంది ఒక్క సంచీ భుజాన వేసుకుని తిరిగినవాళ్లే. కాంట్రాక్టు నాటకాల కాలంలో ఒక్కో వేషగాడు ఒక్కో ఊరి నుంచి బస్సో రైలో దిగేవాడు. ఆట రాత్రి తొమ్మిదింటికో పదింటికో. అర్జునుడికి కృష్ణుడెవరో రంగు వేసుకునే చోట తెలిసేది. ఒక్కోసారి కృష్ణుడు ఒక్కడే కూడా కాదు. మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని రంగాలు పంచుకునేవాళ్లు. రిహార్సల్ అనే మాటకే తావు లేదు. అయినా ఆట నిలబడేది.

ఎలా? అందరి దగ్గరా ఒకే పాఠం ఉండేది. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్ర’, కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’. తెనాలి వాడూ విజయనగరం వాడూ చదివేది అవే పద్యాలు. ప్రేక్షకుల్లో సగం మందికి అవి నోటికి వచ్చు. ఒక అక్షరం జారితే ముందు వరసలో రైతు అందించేవాడు. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడిగా రాయబారానికి బయల్దేరితే ఏ ఊరి అర్జునుడైనా, ఏ ఊరి దుర్యోధనుడైనా ఆయన ఎత్తుకు ఎదగాల్సి వచ్చేది. కొత్తవాడికి ఆ ఒక్క రాత్రి పది రిహార్సల్స్ పెట్టు.

సురభి వాళ్లది ఒక దారి, వీళ్లది మరో దారి. కానీ రెండింటి కిందా ఉన్న నేల ఒకటే. ఇద్దరూ సాధనను వేరే గదిలో పెట్టి తాళం వేయలేదు. సురభి నటుడు పనిలో కలిపాడు. కాంట్రాక్టు నటుడు ప్రయాణంలో కలిపాడు. రాత్రి బస్సు కిటికీ పక్కన తల ఆనించి, ఇంజను మోతనే శ్రుతిగా పట్టుకుని పద్యం నెమరువేసినవాళ్లు ఎంతమందో. పక్క సీటువాడు జపం చేసుకుంటున్నాడనుకుని కాళ్లు ముడుచుకునేవాడు.

బయటి చెయ్యి

ఇంటి విద్యకు ఒక లోపం ఉంటుంది. తరతరాలుగా ఒకే పద్ధతిలో వస్తే చేయి తిరుగుతుంది గానీ కన్ను మూసుకుపోతుంది. తాత ఏడ్చినట్టే తండ్రి, తండ్రి ఏడ్చినట్టే కొడుకు ఏడుస్తాడు. సురభి వాళ్లలో కొందరు దీన్ని గుర్తించడం వాళ్ల గొప్పతనం. 1990ల్లో ప్రసిద్ధ దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వాళ్లతో పనిచేశారు. ‘భీష్మ’, ‘చండీప్రియ’, జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ తయారయ్యాయి. కిరీటం లేకుండా, ఎగిరే నారదుడు లేకుండా, బస్తీ మనుషులుగా నిలబడాల్సి వచ్చింది. ట్రిక్కు సీన్లకు అలవాటుపడ్డ చేతులకు అది కొత్త బరువు.

అందులో వాళ్లను ఆదుకున్నది మళ్లీ పాత విద్యే. ఎవరి మాటకు ఎవరు ఎక్కడ ఆగాలో తెలిసిన బృందం అది. దర్శకుడు నటులకు నేర్పడానికి ఏళ్లు పట్టే ఆ ఒద్దిక అక్కడ అప్పటికే ఉంది. ఆయన చేయాల్సిందల్లా దానికి కొత్త పని అప్పగించడం. సురభి సమాజాల్లో ఒకటైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన ఆర్. నాగేశ్వరరావు, అందరూ బాబ్జీ అని పిలిచే ఆయన, పాత ఆటను కాపాడుతూనే ఇలాంటి కొత్త ప్రయత్నాలకు తలుపు తెరిచారు. 2013లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో తెలుగు ఒక్క ముక్క రాని ప్రేక్షకుల ముందు సురభి వాళ్లు ఆడారు. భాష తెలియకపోయినా బాణం బాణమే, ఆగాల్సిన చోట ఆగడం ఆగడమే. 2022లో బాబ్జీ కన్నుమూశారు.

ఇప్పుడు ఉన్న పరీక్ష

సినిమా వచ్చినా నిలబడ్డ సురభికి టీవీ వచ్చాక నేల కదిలింది. క్యాంపులు తగ్గాయి. 30 దాటిన సమాజాల్లో మిగిలినవి ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. చాలా కుటుంబాలు హైదరాబాద్ శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో స్థిరపడ్డాయి. పిల్లలు చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. ఊరూరా రేకులు మోసిన తల్లిదండ్రులు కోరుకున్నది కూడా అదే.

కానీ విచిత్రం చూడండి. ఇన్నేళ్లూ తిరుగుతూ నిలబెట్టుకున్న నేర్పుకు ఇప్పుడు ఒకచోట కుదురుకోవడమే కష్టం తెచ్చింది. రోజూ ఆట లేదు. తెర చాటున నిద్రపోయే పిల్లలు లేరు. పిలుపు వచ్చినప్పుడు ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చి వేషం కట్టాలి. బ్యాంకు ఉద్యోగి కష్టం ఇప్పుడు సురభి కుర్రాడికీ వచ్చింది. అయినా పిలుపు అందితే తెరలు దులుపుతున్నారు, తీగలు బిగిస్తున్నారు, మునుపటిలా పని మధ్యలోనే పద్యం అందుకుంటున్నారు. పాత పద్ధతి పూర్తిగా పోలేదు, పలచబడింది.

ఉద్యోగం కోసం ఊరు మారిన నటులకు, బెంగళూరులోనో డాలస్‌లోనో గదిలో ఒక్కరే ఉన్న తెలుగు నాటకాల పిచ్చివాళ్లకు వీళ్ల దగ్గర తీసుకోదగింది ఒకటుంది. అద్దం ముందు అరగంట కోసం వెతకొద్దు. మీ పాత్ర ఒక్కటే కాదు, నాటకం మొత్తం కంఠస్థం చేయండి. ఎదుటి పాత్ర మాటలు కూడా మీరే పైకి చెప్పుకోండి. అంట్లు తోముతూ చెప్పుకోండి, మెట్లు ఎక్కుతూ చెప్పుకోండి. చేతులు ఒక పనిలో ఉన్నప్పుడు నోటికి వచ్చిన మాటే వేదిక మీద నిలుస్తుంది. ఫోనులో అవతల దొరికే ఒక్క స్నేహితుడితోనైనా వారానికోసారి ఒక రంగం చదవండి, ఈ వారం మీరు దుర్యోధనుడైతే వచ్చే వారం కృష్ణుడు కండి.

ఇక నటులు కానివాళ్లం మనం చేయగలిగింది చిన్నదే. సురభి వాళ్ల నేర్పు నిలబడింది జనం రోజూ వచ్చి కూర్చోవడం వల్ల. కూర్చునేవాళ్లు లేకపోతే ఏ విద్యా మిగలదు. ఈసారి మీ ఊళ్లోనో మీ దగ్గరి పట్నంలోనో వాళ్ల ఆట ఉందని తెలిస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. బాణాలు ఢీకొన్నప్పుడు పిల్లలు మెరుపును చూస్తారు. మీరు తబలా వాయించేవాడి కళ్లు చూడండి. ఉచిత పాసు కోసం ఎవరినీ అడక్కండి, టికెట్టు కొనండి.